పొత్తులో అద్దె గదులు... పునాది కంటే ముందు కాగితం

పొద్దుగూకే వేళ పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో నిలబడితే రెండు రకాల మనుషులు కనబడతారు. ఫ్యాక్టరీ బస్సు దిగి గదికి పోయే కుర్రాళ్లు ఒకవైపు. గొర్రెలు తోలుకొని, నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని ఇంటికి పోయే రైతులు ఇంకోవైపు. కుర్రాళ్లకు తలదాచుకునేదానికి గది కావాల. రైతుకు వానొచ్చినా రాకున్నా నెలనెలా చేతిలో నాలుగు రూపాయలు పడాల. ఈ రెండు అవసరాలు కలిసిన చోట లేస్తున్నవే అద్దె గదులు.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. హిందూపురం పక్కన తూముకుంట, గొల్లాపురంలో అంతకుముందు నుంచే పరిశ్రమలున్నాయి. పనికోసం వచ్చిన వాళ్లంతా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. దాంతో రోడ్డు పక్క ఊళ్లలో గదులకు గిరాకీ వచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే సీమ ఇది. వేరుశనగ వేసి మూడేళ్లలో రెండేళ్లు పెట్టుబడి కూడా తియ్యలేని రైతు ఆ గదుల వైపు చూడటంలో తప్పు లేదు.

అయితే సన్నకారు రైతు ఒక్కడే స్థలం కొని, పది గదులు కట్టగలడా? కట్టలేడు. అందుకే నలుగురు కలుస్తున్నారు. బావామరదులు, తోడల్లుళ్లు, పక్కపక్క చేన్లవాళ్లు తలా కొంత వేసుకొని కడుతున్నారు. కొన్ని పొత్తులు బాగానే సాగుతున్నాయి. కొన్ని మాత్రం గోడలు నిలబడి, మనుషులు విడిపోయి ఉన్నాయి.

కాగితానికే రెండేండ్లు

పెనుకొండ మండలంలోని ఒక ఊరి సంగతి చెప్పుకుందాం. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. 2018లో నలుగురు కలిసి ఆరు గదులు కట్టారు. ఒకాయనకు రోడ్డు పక్క నాలుగు సెంట్ల స్థలం ఉంది. ఆయన స్థలం ఇచ్చాడు. మిగతా ముగ్గురు తలా 4 లక్షలు వేశారు. అద్దె వస్తే నలుగురికీ సమానం అని మాట. అందరూ అయినవాళ్లే. కాగితం ఎందుకులే అనుకున్నారు.

2019లో గదులన్నీ నిండినాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పనివాళ్లు ఊళ్లకు పోయినారు. నాలుగు నెలలు గదులకు తాళాలు. 2021లో స్థలం ఇచ్చినాయన జబ్బు చేసి పోయాడు. బెంగళూరులో పని చేసే కొడుకు వచ్చి కర్మాంతరాలు అయినాక అడిగిన మాట ఒకటే. ‘‘స్థలం మా నాయన పేరున ఉంది. మీ పేర్లు యాడున్నాయి మామా?’’

కుర్రాడు అబద్ధం ఆడలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ల పేర్లు నిజంగానే లేవు. ముగ్గురూ వేసిన 12 లక్షలకు ఆధారం ఒక్కటే, నోటు పుస్తకం. గదులు కట్టేటప్పుడు ఎవరెంత ఇచ్చిందీ, తర్వాత నెలనెలా అద్దె ఎంత పంచుకుందీ అందులో రాసి పెట్టుకున్నారు. పోయినాయన ప్రతి నెలా దానికింద సంతకం పెట్టాడు. ఆ సంతకాలే ముగ్గురినీ కాపాడినాయి. ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆరేడు దఫాలు మాటలు జరిగినాయి. స్థలం ధర పెరిగింది కాబట్టి ముగ్గురూ తలా 50 వేలు ఇంకా ఇచ్చేటట్టు, కుర్రాడు, వాళ్లమ్మ కలిసి తలా పావు వాటా రిజిస్టరు చేసేటట్టు తీర్మానమైంది.

‘‘గోడలు లేపేదానికి నాలుగు నెల్లు పట్టె. కాగితం చేసుకునేదానికి రెండేండ్లు పట్టె. ముందే చేసుకునింటే ఒక దినం పని సార్’’ అంటున్నాడు ముగ్గురిలో ఒక రైతు.

పొత్తు బావి మనకు కొత్త కాదు. నీళ్లు వంతుల ప్రకారం వస్తున్నంత కాలం ఎవరూ మాట్లాడరు. మోటారు కాలినప్పుడే ఎవరి వాటా ఎంత అనే మాట పుడుతుంది. అద్దె గదుల పొత్తూ అంతే. మోటారు కాలకముందే మాట్లాడుకోవాలి.

ముందు లెక్క చూడండి

ఎనిమిది గదుల ఆదాయం అంటే వినడానికి పెద్దగా ఉంటుంది. పలక మీద వేసి చూస్తేగాని అసలు సంగతి తెలియదు. ఒక ఉదాహరణ వేద్దాం. ధరలు ఊరినిబట్టి మారతాయి. మీ ఊరి ధరలు పెట్టి ఇదే లెక్క మీరు వేసుకోవచ్చు.

నాలుగు సెంట్ల స్థలం, సెంటు రెండున్నర లక్షలు అనుకుంటే 10 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే 75 వేలు. కింద నాలుగు, పైన నాలుగు గదులు. ఒక్కో గది, వంటమూల, స్నానాల గది కలిపి 200 చదరపు అడుగులు. మెట్లు, నడవా కలిపి మొత్తం 1,900 చదరపు అడుగులు. అడుగుకు 1,700 చొప్పున దగ్గర దగ్గర 32 లక్షలు. బోరు, మోటారు, కరెంటు మీటర్లు, మరుగుదొడ్డి గుంత, ప్లాను అనుమతి అన్నీ కలిపి మూడుంపావు లక్షలు. మొత్తం 46 లక్షలు. నలుగురు వేసుకుంటే తలా పదకొండున్నర లక్షలు.

ఇక రాబడి. గది నెలకు 4 వేలు అనుకుంటే ఎనిమిదింటికి 32 వేలు. ఏడాదికి 3 లక్షల 84 వేలు. అయితే ఏ గదీ పన్నెండు నెలలూ నిండుగా ఉండదు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చేలోపు ఏడాదికి ఒక నెల ఖాళీ వేసుకోవాలి. ఆ 32 వేలు తీసేస్తే 3 లక్షల 52 వేలు. ఇంటి పన్ను, మోటారు రిపేరు, సున్నం, గుంత శుభ్రం చేయించడం, ఊడ్చే మనిషికి కూలి, వీటికి 52 వేలు. నికరంగా మిగిలేది 3 లక్షలు. మనిషికి ఏడాదికి 75 వేలు, నెలకు 6,250 రూపాయలు.

పెట్టిన పదకొండున్నర లక్షలను ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేసినా ఏడాదికి అంతే వస్తుంది. బ్యాంకు డిపాజిట్టుకు మోటారు కాలదు, కుళాయి కారదు. మరి గదులు ఎందుకు? రెండు కారణాలున్నాయి. గిరాకీ ఉన్న చోట అద్దె ఏటా కొంత పెంచుకోవచ్చు. స్థలం చేతిలో ఉంటుంది. దాని ధర పెరిగితే లాభం. పెరగకపోతే లేదు. ఆ పెరుగుదల నమ్ముకొని మాత్రం దిగకూడదు. అమ్మినప్పుడు కదా అది చేతికొచ్చేది!

వడ్డీకి తెచ్చి కడితే...

అసలు మునక ఇక్కడే. పైన చెప్పిన 46 లక్షల్లో 20 లక్షలు బ్యాంకు అప్పు అనుకుందాం. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలవారీ కంతు సుమారు 27 వేలు. ఏడాదికి 3 లక్షల 24 వేలు. గదుల మీద మిగిలేదేమో 3 లక్షలు. అంటే పదేళ్లపాటు ఒక్క రూపాయి చేతికి రాకపోగా ఏడాదికి 24 వేలు ఇంటి నుంచే కట్టాలి. అద్దె పెరిగితే కొంత తేలిక. గదులు నాలుగు నెలలు ఖాళీ పడితే ఇంకా బరువు.

అదే 20 లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీనే 40 వేలు. ఎనిమిది గదులూ నిండుగా ఉన్నా వచ్చే అద్దె 32 వేలు. కట్టిన మరునెల నుంచే మునక. కాబట్టి బయటి వడ్డీ తెచ్చి అద్దె గదులు కట్టే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఉన్న రెండు మూడు ఎకరాలు అమ్మి గదుల్లో పెడదామనే వాళ్లూ ఉన్నారు. ఇది ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. చేనుంటే కనీసం జొన్నో రాగో వస్తుంది, పశువుకు మేత వస్తుంది, బ్యాంకులో పంట రుణం దొరుకుతుంది. గదిలో పావు వాటా చూపిస్తే అంత సులువుగా అప్పు పుట్టదు. భూసేకరణలో పరిహారం వచ్చినవాళ్లు, పాల మీదనో గొర్రెల మీదనో కొంత మిగుల్చుకున్నవాళ్లు, పిల్లల ఉద్యోగాల డబ్బు ఉన్నవాళ్లు అందులో కొంత భాగం పెట్టొచ్చు. ఉన్నదంతా ఊడ్చి పెట్టకూడదు.

చేతిలో డబ్బు తక్కువైతే అంచెలుగా కట్టడం మేలు. పై అంతస్తు బరువు మోసేటట్టు పునాది, పిల్లర్లు వేసి, ముందు కింది నాలుగు గదులే కట్టాలి. రెండు మూడేళ్లు అద్దె ఎలా వస్తున్నదీ, పొత్తుదారులు ఎలా ఉన్నదీ తెలిసిపోతుంది. తర్వాత పైన లేపుకోవచ్చు.

ఎవరితో పొత్తు?

డబ్బున్నవాడితో పొత్తు మంచిదని అనుకుంటాం. లెక్క చెప్పేవాడితో పొత్తు మంచిది. పొత్తు బావి దగ్గర వంతు తప్పనివాడు, సంఘంలో అప్పు గడువుకు కట్టేవాడు, అడిగితే విసుక్కోకుండా పుస్తకం చూపేవాడు గదుల్లోనూ బాగానే ఉంటాడు. నలుగురికి మించి పొత్తు పెట్టుకోవద్దు. మంది పెరిగేకొద్దీ ఒక కుళాయి మార్చడానికి కూడా పది ఫోన్లు చేయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. మగవాళ్లు చెట్టుకింద కూర్చొని మాట్లాడుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లకు తెలియదు. రేపు మనిషికి ఏదైనా అయితే లెక్క అడగాల్సింది వాళ్లే. వాటా ఎంత, కాగితం ఎక్కడుంది, ఖాతా ఏ బ్యాంకులో ఉంది, ఈ మూడూ భార్యకు, ఈడొచ్చిన పిల్లలకు తెలిసి ఉండాల.

స్థలం కొనే ముందు

స్థలం చూసి ముచ్చటపడి అడ్వాన్సు ఇచ్చేయకూడదు. అమ్మేవాళ్ల దస్తావేజు, దాని వెనకటి లింకు దస్తావేజులు అడగాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ తీయించాలి. కనీసం ముప్పై ఏళ్లది చూస్తే మంచిది. రిజిస్టరైన తనఖా ఉంటే అందులో బయటపడుతుంది. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో అక్కడే అడగాలి. అసైన్డు భూములు, దేవాదాయ భూములు, వాగు పోరంబోకులు ఆ జాబితాలో ఉంటాయి. చౌకగా వస్తుందని అటువంటి స్థలంలో గది కడితే డబ్బు మట్టిలో పోసినట్టే.

అమ్మేది పూర్వీకుల ఆస్తి అయితే కొడుకుల సంతకాలతో సరిపోదు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణతో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. పెళ్లయి పోయిన ఆడబిడ్డలతో సహా అందరి సంతకాలూ ఉండాలి. చేను ముక్కలు చేసి అమ్మే స్థలమైతే లేఅవుటుకు అనుమతి ఉందా అని చూడాలి. కట్టడానికి ప్లాను అనుమతి పంచాయతీ నుంచో, మునిసిపాలిటీ నుంచో ముందే తీసుకోవాలి. అనుమతి లేని కట్టడానికి బ్యాంకు అప్పు రాదు, తర్వాత అమ్మబోతే ధరా రాదు.

డబ్బు చెక్కు మీదనో, ఖాతా నుంచి ఖాతాకో పంపించాలి. స్థిరాస్తి లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. రైతులకు కొన్ని మినహాయింపులున్నా, ఖాతా ద్వారా ఇచ్చిన డబ్బుకు సాక్షి అక్కర్లేదు. పొత్తులో అది చాలా పెద్ద బలం.

దస్తావేజులోనే వాటాలు

నలుగురూ డబ్బు వేసి ఒక్కరి పేరున రిజిస్టరు చేయించడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ ఒక్కరు మంచివాడే అయినా ఆయన అప్పులవాళ్లు, వారసులు ఎలాంటివాళ్లో ఎవరికి తెలుసు? పైగా ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొంటే బినామీ లావాదేవీ కిందికి వచ్చే ప్రమాదం ఉంది. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు. అటువంటి ఆస్తిని సర్కారు స్వాధీనం చేసుకోవచ్చు.

కొనే దస్తావేజులోనే నలుగురి పేర్లూ, ఎవరికి ఎంత వాటా అన్నదీ రాయించాలి. సమానమైతే తలా పావు అని, కాకపోతే నూటికి ఇన్ని పాళ్లు అని. రాయకపోతే ఏమవుతుంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఎవరెంత పెట్టారో రుజువుంటే ఆ నిష్పత్తిలో వాటాలు వస్తాయి. రుజువు లేకపోతే అందరికీ సమానమని అనుకుంటారు. నువ్వు 15 లక్షలు పెట్టి, ఇంకొకాయన 5 లక్షలు పెట్టినా రుజువు లేకుంటే ఇద్దరికీ ఒకటే వాటా!

స్థలం ఒకరిది, డబ్బు మిగతావాళ్లది అయితే ముందు స్థలానికి ధర కట్టాలి. ఆ ధర స్థలం ఇచ్చినాయన పెట్టుబడి కింద లెక్క. మిగతావాళ్లకు ఆ స్థలంలో విడదీయని వాటా రిజిస్టరు చేయించిన తర్వాతనే పునాది తీయాలి. రిజిస్ట్రేషను ఖర్చు మిగులుతుందని ఆగినవాళ్ల కథే పైన చెప్పుకున్నది.

‘సంస్థ పెట్టాలా?’ అని కొందరు అడుగుతున్నారు. నలుగురు కలిసి ఇల్లు కొని అద్దె పంచుకున్నంత మాత్రాన అది భాగస్వామ్య సంస్థ కాదు. వాళ్లు సహ యజమానులు. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద సంస్థ పెడితే, సంస్థ పని మీద ఒకరు చేసిన అప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది. పది గదుల అద్దెకు అంత దూరం పోనక్కర్లేదు. దస్తావేజులో వాటాలు, దానితోపాటు ఒక ఒప్పంద పత్రం ఉంటే చాలు.

ఒప్పంద పత్రంలో ఏముండాలి?

స్టాంపు కాగితం మీద, దస్తావేజు లేఖరితోనో వకీలుతోనో రాయించుకొని, అందరూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షులతో తలా ఒక ప్రతి ఉంచుకోవాలి. అందులో ఈ సంగతులు తప్పకుండా ఉండాలి.

1. ఎవరి పెట్టుబడి ఎంత, వాటా ఎంత, ఏ తేదీలోపు వేయాలి.

2. అంచనా దాటి ఖర్చయితే ఎవరు ఎంత వేయాలి. ఒకరు వేయలేకపోతే ఏమిటి? మిగతావాళ్లు వేసిన దానికి వడ్డీయా, వాటా పెంపా అన్నది ముందే తేల్చుకోవాలి.

3. అద్దె వసూలు, రిపేర్లు చూసేది ఎవరు. ఆయనకు నెలకు ఎంత. ఉచిత సేవ ఆరు నెలల్లో గొడవ అవుతుంది. వచ్చిన అద్దెలో నూటికి ఐదో, నెలకు ఇంతనో ఇవ్వడమే మర్యాద.

4. అద్దెలో పదోవంతు పక్కన పెట్టాలి. మోటారు, సున్నం, లీకులు, ఖాళీ నెలలు, అన్నీ దాంట్లోనుంచే.

5. ఎంత ఖర్చు వరకు ఒక్కరే నిర్ణయించవచ్చు, ఎంత దాటితే నలుగురూ ఒప్పుకోవాలి.

6. బంధువుకు గది ఇస్తే అద్దె అందరిలాగే ఇవ్వాలి. ‘మా బామ్మర్ది’ అన్న మాటకు తగ్గింపు లేదు.

7. మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా ఎవరూ తమ వాటా తాకట్టు పెట్టకూడదు.

8. ఒకరు తప్పుకోవాలంటే ముందు మిగతా ముగ్గురినే అడగాలి. ధర ఎలా కట్టాలి, డబ్బు ఎన్ని నెలల్లో ఇవ్వాలి అన్నది రాయాలి. మొదటి ఐదేళ్లు ఎవరూ తప్పుకోరాదని పెట్టుకోవడం మంచిది.

9. ఒకరు పోతే ఆయన వాటా అద్దె ఎవరికి ఇవ్వాలి, వారసుల తరఫున సంతకం పెట్టేది ఎవరు.

10. తగాదా వస్తే ముందు ఎవరి దగ్గరికి పోవాలి. అందరికీ నమ్మకమున్న ఒక పెద్దమనిషి పేరు రాసుకోవాలి.

ఈ పత్రం అజమాయిషీకి పనికొస్తుంది. వాటా ఒకరి నుంచి ఇంకొకరికి మారాలంటే మాత్రం రిజిస్ట్రేషను తప్పదు. ఎనిమిదో అంశం రాసుకోకపోతే ఒకరు విభజన దావా వేయవచ్చు. పంచడానికి వీలుకాని కట్టడాన్ని వాటాదారుల కోరిక మీద అమ్మించి డబ్బు పంచే వీలు 1893 నాటి విభజన చట్టంలో ఉంది. కోర్టు వేలంలో మంచి ధర వస్తుందన్న నమ్మకం లేదు. కోర్టు ఖర్చులు వేరే.

ఒక ఖాతా, ఒక పుస్తకం

గదుల కోసం విడిగా ఒక ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవాలి. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలి. అద్దెలన్నీ అందులోనే పడాలి. ఒకరి ఫోనుకు అద్దె వేయించుకొని, ఆయన మళ్లీ అందరికీ పంచే పద్ధతి వద్దు. మనిషి మంచివాడైనా ఆ నెల ఎరువుల కొట్టు బాకీ ఉంటే చెయ్యి అటే పోతుంది.

నోటు పుస్తకంలో పేజీకి ఒక నెల. ఎడమవైపు ఏ గది అద్దె ఎంత, ఏ తేదీన వచ్చింది. కుడివైపు ఖర్చు, దాని రసీదు. కింద మిగులు, ఎవరికి ఎంత. దానికింద నలుగురి సంతకాలు. నెలకు అరగంట పని. ఆ అరగంటే ఒక ఊళ్లో ముగ్గురి 12 లక్షలు కాపాడిందని మరిచిపోకూడదు.

గది ఇచ్చేటప్పుడు

అద్దెకు వచ్చేవాళ్ల ఆధార్ నకలు, పని చేసే చోటి గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి. పక్క రాష్ట్రాల వాళ్లయితే స్టేషనులో వివరాలు ఇచ్చిపెట్టుకోవడం మంచిది. అద్దె ఒప్పందం చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. అద్దె, అడ్వాన్సు, కరెంటు, నీళ్లు, ఖాళీ చేసే గడువు అన్నీ అందులో ఉండాలి. గదికొక మీటరు పెట్టిస్తే సగం తగాదాలు ఉండవు. నీళ్లు ముఖ్యం. వేసవిలో బోరు ఎండితే గది ఎంత బాగున్నా మనిషి నిలవడు. కట్టే ముందే ఆ పక్క బోర్లు ఎండాకాలం ఎలా ఉంటాయో కనుక్కోవాలి.

ఒకే ఫ్యాక్టరీని నమ్ముకొని కట్టడం కూడా ముప్పే. 2020లో తాళాలు పడ్డ గదులు చూశాం. బస్సు స్టాండు, కాలేజీ, ఆసుపత్రి దగ్గరున్న గదులకు ఒక రకం వాళ్లు పోతే ఇంకో రకం వాళ్లు వస్తారు.

పన్ను, సర్కారు సాయం

పంట మీద ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. పట్నంలో గదుల అద్దెకు ఆ మినహాయింపు లేదు. అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం తగ్గించి లెక్క వేస్తారు. వాటాలు స్పష్టంగా ఉంటే ఎవరి వాటా వాళ్ల ఆదాయంలోనే చూస్తారు. పైన చెప్పిన లెక్కలో మనిషికి వచ్చేది ఏడాదికి లక్ష లోపే. వేరే రాబడి లేని రైతుకు దాని మీద పన్ను పడదు. అయితే పన్ను కట్టే స్థాయికి పోతే పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6 వేలకు అర్హత పోతుంది. బియ్యం కార్డుకు, పింఛనుకు కూడా ఆదాయం, ఆస్తి పరిమితులు ఉంటాయి. పట్నంలో వాటా కొనే ముందే సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. నెలకు 6 వేలు వస్తాయని పోయి, ఇంట్లో ముసలివాళ్ల పింఛను పోగొట్టుకుంటే మిగిలేదేముంటుంది?

ఆ ఊళ్లో ఇప్పుడు...

ఆరు గదుల పొత్తు ఇప్పుడు సాగుతోంది. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడే లెక్కలు రాస్తున్నాడు. నెలకు ఒకసారి నలుగురూ కూర్చొని సంతకాలు చేస్తున్నారు. పైన గదులు వేయాలన్న మాట వచ్చింది. ముగ్గురు సరే అన్నారు. నాలుగో ఆయనకు ఈ ఏడాది కూతురి పెళ్లి ఉంది. అందుకని ఒక ఏడాది ఆగుదామని పుస్తకంలోనే రాసుకొని సంతకాలు పెట్టుకున్నారు.

‘‘ముందైతే ఆ మాటకే కొట్లాట అయ్యేది. ఇప్పుడు కాగితం మీద ఉండాది కాబట్టి ఎవరికీ కోపం ల్యా’’ అంటున్నాడు ఆ రైతు. ఆయన తన రెండున్నర ఎకరాల చేను అమ్మలేదు. ఈసారి కందిలో అంతర పంటగా కొర్ర వేశాడు. నెలనెలా వచ్చే అద్దెతో విత్తనానికీ, దుక్కికీ అప్పుకు పోకుండా గడిచిందని చెబుతున్నాడు. సన్నకారు రైతు అద్దె గదుల నుంచి ఆశించాల్సింది అంతే. చేనుకు అండగా ఉంటే చాలు, చేను మింగకూడదు.